గోడకవతలి వంట

ఉల్లిపాయలు ఎర్రబడితే చాలదు, మాడిపోతాయేమోనన్న భయం పుట్టాలి, అప్పుడు మంట తగ్గించాలి, భయపడకముందే దించేసేవాళ్ళకి దక్కేది కూర కాదు, గంజి అనేవాడు పక్కింటి పెద్దాయన, ఇంకా భయం పుట్టలేదు, ఇంకొంచెంసేపు తిప్పాలి అనుకుంటూ ఆమె పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతోంది. పన్నెండు దాటి పది నిమిషాలైంది. ఒంటిగంటకల్లా ఆయన భార్య వస్తానంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఒక్క పెట్టె పట్టుకుని పక్కింట్లోంచి వెళ్ళిపోయి, మళ్ళీ ఇటువైపు తిరిగి చూడని మనిషి, ఆ ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఇవాళ వస్తోంది. నిన్న ఫోన్లో గొంతు పొడిగా ఉంది, తాళం మీ దగ్గరే ఉందటగా, ఓ గంట పని, భోజనం గీజనం ఏమీ పెట్టుకోవద్దు అంది. సరేనండి అని ఫోను పెట్టేసి ఈమె తిన్నగా వెళ్ళి తెల్ల చిక్కుడు గింజలు నానబోసింది. ఎందుకు నానబోసిందో ఆమెకే తెలియదు. ఆయన పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఈ ఇంట్లో ఉన్న పదిహేడేళ్ళలో ఈ కూర ఆమె తన పొయ్యి మీద ఒక్కసారీ వండలేదు. వండవలసిన అవసరం రాలేదు. ప్రతి ఆదివారం గోడకవతల ఇదే వాసన లేచేది, వాసన లేచిన గంటకి తలుపు చప్పుడయ్యేది.

ఇప్పుడు భయం పుట్టింది, మంట తగ్గించింది, వెల్లుల్లి చితక్కొట్టి వేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దాడాయన, ఉద్యోగం అయిపోయాక ప్రపంచాన్ని దిద్దడం మొదలుపెట్టాడు. మెట్ల దగ్గర ఎవరు ఏ కాగితం అంటించినా సాయంత్రానికి దానిమీద ఎర్రసిరా పడాల్సిందే. నీళ్ళు వృధా చేయరాదు అని రాసి ఉంటే ‘ధ’ కొట్టేసి ‘థ’ చేసి, నీళ్ళ సంగతి తరవాత, ముందు అక్షరాలు వృథా చెయ్యకండి అని కింద రాశాడు. భవనంలో అందరూ చాటుగా ఆయన్ని అచ్చుతప్పు అనేవాళ్ళు, అచ్చుతప్పు దిగుతున్నాడు, పిల్లల్ని లోపలికి పిలవండి అనుకునేవాళ్ళు. ఆమె మొదట్లో అలాగే అనుకుంది, అంతకన్నా ఘోరంగానే అనుకుంది. భర్తతో విడిపోయి ఐదేళ్ళ కూతుర్ని వెంటేసుకుని ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, వంటింటి గోడవారగా బల్ల వేసి పళ్ళసెట్లు చేసే సామాను సర్దుకుని, ఒక అట్టముక్క మీద ఇచ్చట పళ్ళు కట్టబడును అని రాసి తలుపుకి తగిలించింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరిచేత అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. కట్టబడును అన్నావుగా, ఎవరిచేత కట్టబడును, నువ్వేగా కట్టేది, అలాంటప్పుడు కడతాను అని రాయి, చేసే పని చేస్తానని చెప్పుకోడానికి సిగ్గెందుకు అన్నాడు. అప్పటికి రెండేళ్ళుగా ఎవరూ ఆమెతో అలాంటి మాట అనలేదు. అందరూ అయ్యో పాపం అన్నవాళ్ళే. ఒళ్ళు మండింది, లోపలికొచ్చి తలుపు ధడాలున వేసుకుంది, మర్నాడు కొత్త అట్ట మీద పళ్ళు కడతాను అని రాసి పెట్టింది. ఆ రోజునుంచి ఆయనకి ఆమె పళ్ళమ్మాయి.

టమాటాలు మెత్తబడుతున్నాయి. ఉప్పు ఇప్పుడే వెయ్యకూడదు, గింజలకి ముందే ఉప్పు తగిలితే మొండికేస్తాయి, మనుషుల్లాగే అనేవాడు. ఆ జ్ఞానం ఆయనకి మాత్రం మొదట్నుంచీ ఉందా ఏమిటి. మొదటిసారి తెచ్చిన కూర ఆమెకి ఇప్పటికీ నాలుక మీద ఉంది. వచ్చిన రెండోవారం జ్వరంతో పడుకుంది, పిల్ల ఆకలని ఏడుస్తోంది, తలుపు చప్పుడైతే పాకుతున్నట్టు వెళ్ళి తీసింది. మూతపెట్టిన గిన్నెతో ఆయన. ఎక్కువైంది, పారెయ్యడం నాకిష్టం ఉండదు, గిన్నె కడిగి ఇవ్వు, కడగడమంటే కడగడం అని చెప్పి వెళ్ళిపోయాడు. గింజలు రాళ్ళు, ఉల్లిపాయ పచ్చి, ఉప్పు మాత్రం కొండంత. పిల్లకి బ్రెడ్డు ముక్క రసంలో అద్ది పెట్టి, తను రెండు గింజలు దవడ కింద నొక్కి, ఇన్నేళ్ళు ఒంటరిగా ఉంటున్నాడట, ఈ చేతివంటతో ఎలా బతికి బట్టకట్టాడో అనుకుంది. తరవాతి ఆదివారం మళ్ళీ ఎక్కువైంది. ఆ పైవారం మళ్ళీ. మూడు నెలలకి గింజ ఉడికింది, ఏడాది తిరిగేసరికి కూర కూరలా ఉంది, రెండో ఏడు వచ్చేసరికి శనివారం సాయంత్రంనుంచే పిల్ల రేపు తాతగారి కూర అని గెంతడం మొదలుపెట్టింది. తాతా అంటే పలికేవాడు కాదు, గారు ఉండాలి, గారు అనకపోతే వినపడనట్టు కిటికీలోకి చూసేవాడు. దానికి అక్షరాలన్నీ ఆయన గుమ్మంలోనే వచ్చాయి. స్కూల్లో ఇరవైకి పంతొమ్మిది వస్తే ఆ ఒక్కటీ ఏమైంది, కాకి ఎత్తుకుపోయిందా అని అడిగేవాడు, పిల్ల ఏడుపుమొహంతో వచ్చేది, ఈమె గొడవకి వెళ్ళేది, ఆయన తలుపు తియ్యకుండా లోపల్నుంచే, ఏడిస్తే ఏడవనీ, ఇంకోసారి ఆ ఒక్కటీ పోదు అనేవాడు. నిజంగానే పోయేది కాదు, అదే ఈమెకి ఇంకా మంట.

గింజలు, బంగాళాదుంప ముక్కలు వేసి, నీళ్ళు పోసి, మూత సగం పెట్టింది. ఇక అరగంట తన పని కాదు, దానంతట అది ఉడకాలి. బల్ల ముందు కూచుంది. ఎదురుగా పాలిష్ మోటారు, దాని వెనక గోడ. మోటారు తిరిగితే అవతల ఆయన అల్మారాలో గిన్నెలు గలగలమనేవట. గరిటె పెట్టి గోడ మీద మూడుసార్లు కొట్టేవాడు, టక్ టక్ టక్, అంటే ఆపు అని. ఆపేది, తిట్టుకుంటూ ఆపేది, పది నిమిషాలాగి మళ్ళీ వేసేది, మళ్ళీ మూడు దెబ్బలు. అలా పదిహేడేళ్ళు. ఒకసారి మాత్రం ఆయనే వచ్చి ఈ బల్ల ముందు కూచున్నాడు, ఉన్న నాలుగు పళ్ళూ పీకించేసుకుని, బోసినోటితో, ముఖం నేలవైపు పెట్టి. నీదీ అచ్చుపనే, నాదీ అచ్చుపనే, నా అచ్చు తప్పితే చదివేవాడి కన్ను పుండవుతుంది, నీ అచ్చు తప్పితే నా నోరు పుండవుతుంది, చూసుకో మరి అన్నాడు. అంత భయపడి ఎవరికీ చెయ్యలేదు. మైనం కరిగించి, ప్లాస్టర్ పోసి, ఒక్కొక్క పన్నూ ఎత్తు చూసి పెట్టి ఇస్తే, పెట్టుకుని అద్దంలో చూసుకుని, సంసారం అన్నాడు. షంషారం అని వచ్చింది. ఈ పళ్ళతో నేను షంషారం చెయ్యలేను అన్నాడు. సొంత పళ్ళు ఉన్నప్పుడు కూడా మీరు చెయ్యలేదుగా అని నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. నాలుగుసార్లు అరగదీసింది, నాలుగుసార్లు ఎదురుగా కూచోబెట్టుకుని పేపరు చదివించింది, సభ, సమావేశం, సరసమైన, సన్నాహాలు, ఐదోసారికి స అక్షరం స లాగే పలికింది. ఆయన పేపరు మడిచి లేచి, గుమ్మం దాకా వెళ్ళి, తప్పు దొరకలేదు అన్నాడు. ఆయన నోట అంతకుమించిన పొగడ్త ఎవరూ విని ఉండరు. ఆ మాట కోసం, తప్పు దొరకలేదు అన్న ఆ ఎండిపోయిన మాట కోసం ఇప్పుడు చెవి కోసిమ్మన్నా ఇచ్చేస్తుంది.

కుతకుతమంటోంది. లేచి, గరిటె వెనకవైపుతో గింజలు కొన్ని గిన్నె అంచుకి నొక్కి మెదిపింది, అలా చేస్తే చిక్కబడుతుంది. ఆవిరి ముఖానికి కొట్టింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఆవిరి వల్లే. అంతా బాగానే ఉండేది, అమ్మాయి చదువు మానేసే దాకా. ఇరవై రెండేళ్ళది, ఇంకో ఏడాదైతే డిగ్రీ చేతికొచ్చేది, నాకిది ఎక్కడం లేదు, బేకరీలో పనికి చేరతాను, నాకు పిండి పిసకడం ఇష్టం అంది. తల్లి రెండ్రోజులు ఆలోచించి సరే అంది. ఆయన మూడోరోజు వచ్చాడు. కూచోమంటే కూచోలేదు. తల్లి కాపురం సగంలో వదిలింది, కూతురు చదువు సగంలో వదిలింది, మీ ఇంట్లో పూర్తి వాక్యం ఒక్కటీ లేదు అన్నాడు. పదిహేడేళ్ళ తిట్లలో ఏ ఒక్కటీ అంత లోతు దిగలేదు. ఆమె ఆలోచించలేదు, నోట్లోంచి వచ్చేసింది, మీ ఇంట్లో అసలు వాక్యమే లేదు కదండీ, ఉన్న ఆవిడ మిమ్మల్ని కొట్టేసి వెళ్ళిపోయింది అంది. ప్రూఫులో అక్షరాన్ని కొట్టేసినట్టు అన్నమాట, ఆయనకి అర్థమయ్యే భాషలోనే అంది. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. పళ్ళు మాత్రం ఒకసారి సరిచేసుకున్నట్టు దవడ కదిలించి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం కూర రాలేదు. తరవాతి ఆదివారం వచ్చింది, తలుపు కొట్టకుండా, గుమ్మం ముందు గిన్నె, దానిమీద మూత, మూత మీద చిన్న రాయి. ఆమె చూసింది, తియ్యలేదు. అమ్మాయి తియ్యబోతే వద్దంది. మధ్యాహ్నమంతా ఆ గిన్నె అలాగే ఉంది, ఇద్దరూ లోపల బ్రెడ్డూ జామూ తిని ఊరుకున్నారు. సాయంత్రం నాలుగున్నరకి చెప్పుల చప్పుడు నెమ్మదిగా వచ్చింది, వంగేటప్పుడు మోకాలు పట్టేసినట్టు చిన్న మూలుగు, మూత గిన్నెకి తగిలిన చప్పుడు, మళ్ళీ చెప్పులు. అప్పుడైనా తలుపు తియ్యవలసింది. చెయ్యి గడియ మీదే ఉంది. రేపు తీద్దాం, ఇంకో ఆదివారం పెడితే తీసుకుందాం, కాస్త తెలిసిరావాలి అనుకుంది. ఇంకో ఆదివారం రాలేదు. గురువారం వచ్చింది.

గురువారం సంగతి దగ్గరికొచ్చేసరికి రోజూ ఆమె మనసు గొడ్డులా అడ్డం తిరుగుతుంది. ఇవాళ మాత్రం తిరగలేదు, గిన్నె మీద మూత గలగలలాడుతుంటే దాన్నే చూస్తూ మొత్తం గుర్తుచేసుకుంది. పొద్దున్న పది. పళ్ళ డాక్టరుగారికి సాయంత్రంలోగా ఇవ్వాల్సిన పైపళ్ళ సెట్టు చేతిలో ఉంది. మోటారు వేసింది. టక్ టక్ టక్. ఓహో, ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా, గోడతో మాట్లాడతాడు గానీ మనిషితో మాట్లాడడు అనుకుంది. కాలికింది మీట ఇంకాస్త గట్టిగా నొక్కింది. మోటారు రొద పెరిగింది. ఇంకోసారి కొట్టాడేమో, ఆ రొదలో వినపడలేదేమో, అది మాత్రం తెలియదు. నాలుగింటికి సెట్టు ఇచ్చిరావడానికి తలుపు తీస్తే, పదకొండింటికి పోస్టుమాన్ తోసి వెళ్ళిన వారపత్రిక ఆయన తలుపు కింద సగం లోపల సగం బయట అలాగే ఉంది. పత్రిక వచ్చిన నిమిషానికి ఎర్రపెన్నుతో దానిమీద పడే మనిషి. ఆయన ఎప్పుడో తనకిచ్చి ఉంచిన తాళంతో తలుపు తీసింది. వంటింట్లో, ఇదే గోడకి అవతల, కింద పడున్నాడు, ఎడమచేతి పక్కన గరిటె ఉంది. రెండు మూడు గంటల్లో తీసుకొచ్చి ఉంటే ఏమైనా చెయ్యగలిగేవాళ్ళం అన్నారు ఆసుపత్రిలో, వాళ్ళు అందరితో అనే మాట కావచ్చు, ఎవరినీ ఉద్దేశించి అని ఉండకపోవచ్చు. తొమ్మిది రోజులు బతికాడు. మాట లేదు. నర్సు పళ్ళసెట్టు కవర్లో పెట్టి ఈమె చేతికిచ్చింది, మీ నాన్నగారివి అంది, ఈమె దిద్దలేదు. చెంచాతో జావ పోసేది, ఆయన ఆమెనే చూస్తూ మింగేవాడు. ఆ చూపులో ఏముందో తొమ్మిది రోజులూ చదవబోయింది, చదవడం రాలేదు. ఆయన పోయాక, తీసుకెళ్ళేముందు ఒక్క నిమిషం ఆగమని, ఆ పళ్ళు కడిగి తన చేత్తోనే పెట్టింది. లొట్టపోయిన బుగ్గలు నిండాయి, ముఖం మళ్ళీ ఆయన ముఖమైంది, ఇప్పుడెవరినో దులిపేస్తాడన్నట్టు.

గంట మోగింది. ఉప్పు వేసి, నిమ్మచెక్క పిండి, స్టవ్ ఆపి వెళ్ళి తలుపు తీసింది. పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు, చేతిలో మడిచిన రెండు ఖాళీ సంచులు. తాళం కోసం చెయ్యి చాచిందల్లా, ముక్కు ఎగబీల్చి ఆగిపోయింది.

“ఏమిటా వాసన?”

“కూరండి. పెద్దాయన చేసేదే. వద్దన్నారు గానీ, నాకే చెయ్యాలనిపించింది.”

“ఎవరు చేసేది?”

“ఆయనేనండి. ప్రతి ఆదివారం.”

ఆవిడ గడప దాటి లోపలికొచ్చి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూచుంది, సంచులు ఒళ్ళో పెట్టుకుంది. మంచినీళ్ళు కూడా ముంచుకు తాగేవాడు కాదమ్మా, నేను వెళ్ళాక వీధి చివర హోటల్లోనే తింటున్నాడని మా అన్నయ్య చెప్పేవాడు, పదమూడు పధ్నాలుగేళ్ళు అదే హోటలు, అదే బల్ల, ఇంట్లో పొయ్యే లేదట అంది. పొయ్యెప్పుడు కొన్నాడు అని అడిగింది. ఆమె లెక్క వేసింది. పధ్నాలుగేళ్ళు, ఆపైన పదిహేడేళ్ళు, ముప్ఫై ఒకటి. తను జ్వరంతో పడుకున్న వారం. రాళ్ళలాంటి ఆ గింజలు. హోటల్లో తినే మనిషింట్లో కూర ఎందుకు ఎక్కువవుతుంది. ఆమె వంటింట్లోకి తిరిగి నడిచి, గోడవైపు ముఖం పెట్టి కాసేపు నిలబడి, తరవాత ఒక గిన్నెలో కూర వడ్డించి, రెండు బ్రెడ్డు ముక్కలు పక్కన పెట్టి తెచ్చింది.

ఆవిడ తింది. నెమ్మదిగా, ఒక్కో చెంచా ఆగి ఆగి. మధ్యలో తనే చెప్పింది, పుట్టింటికి వెళ్ళినప్పుడు ఉత్తరాలు రాసేదాన్ని, ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేవాడు, ఇలా ఎనిమిది ఉత్తరాలు, తొమ్మిదోది రాయలేదు, వెనక్కి వచ్చి పెట్టె సర్దుకున్నాను. చెడ్డవాడు కాదు, నేనూ మంచిదాన్ని కాదు, ఎవరో ఒకరు తప్పు ఒప్పుకునుంటే సరిపోయేది అంది. అప్పుడు ఈమె, ఇంకో చెంచా ఆవిడ నోటిదాకా వెళ్ళకముందే, అనేసింది.

“ఆ రోజు ఆయన గోడ మీద కొట్టారండి. మూడుసార్లు. నేను విన్నాను.”

చెంచా గిన్నెలోకి దిగింది. “విని?”

“మోటారు ఆపలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. గొడవపడ్డాం అంతకుముందు. కోపంతో.”

“ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదండి. మా అమ్మాయికి కూడా.”

“మరి నాకెందుకు చెప్తున్నావు?”

“అడిగే హక్కున్నవాళ్ళు మీరొక్కరే మిగిలారు.”

కిటికీ కింద ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు, ఆ చప్పుడు ఆగేదాకా ఆవిడ చెంచాతో గింజల్ని అటూ ఇటూ జరిపింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతుంది, తాళం తీసుకుని, గిన్నె అలాగే వదిలి, వెళ్ళనీ, అందుకు నేను తగినదాన్నే అనుకుంటూ ఈమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

“నువ్వు చేసింది తప్పే. కాదని నేను అనను” అంది ఆవిడ చివరికి. గొంతులో పొడితనం పోలేదు. తరవాత గిన్నెలోకి చూస్తూ, ఇంకెవరి గురించో అన్నట్టు అడిగింది. “నవ్వేవాడా?”

“ఎవరండీ?”

“ఆయనే. నా దగ్గర ఎప్పుడూ నవ్వలేదు. ఐదేళ్ళున్నాను. నవ్వితే ఎలా ఉంటాడో కూడా నాకు తెలియదు.”

నవ్వేవారండి, మా అమ్మాయి దగ్గర అంది ఈమె. దానికి ఎనిమిదేళ్ళప్పుడు వానపాము మీద వ్యాసం రాసుకొచ్చింది, వానపాముకి వెన్నెముక లేదు, అయినా అది ఎవరినీ ఏమీ అనదు అని రాసింది. ఆయన పెన్ను తీసి, దిద్దబోయి, దిద్దకుండా నవ్వడం మొదలుపెట్టారు, ఆపలేకపోయారు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు, దగ్గొచ్చింది, నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను, ఆ కాగితం ఒక్కటే ఎర్రసిరా లేకుండా తిరిగొచ్చింది. నవ్వితే భుజాలు ఇలా పైకి లేచేవి, చెవులకి తగిలేలా, చలేసినవాళ్ళలాగా. చెప్తూ చెప్తూ ఆమె తన భుజాలు అలా లేపి చూపించింది. ఆవిడ ఆ భుజాలవైపే చూసింది, కన్ను తిప్పకుండా, ఎదురుగా ఉన్నది ఈమె కాదన్నట్టు.

“పోనీలే” అంది. “ఎక్కడో ఒకచోట నవ్వాడు.”

గిన్నె ముందుకి జరిపింది, ఇంకొంచెం వెయ్యమన్నట్టు. ఆమె లేచి వెళ్ళి ఆవిడకి వేసింది, ఇంకో గిన్నె తెచ్చి తనకి కూడా వేసుకుంది. వేడి ఇంకా తగ్గలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని ఊదుకుంటూ తిన్నారు.